కడప బైపాస్ పక్కన వాటర్ సర్వీస్ షాపు: కారు కింద కడిగే తీరు నచ్చి రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఇది కారు పైన మెరుపు గురించి రాసే రివ్యూ కాదు. మెరుపు కావాలంటే కడపలో సందుకొక ఫోమ్ వాష్ ఉంది, తెల్లగా నురగ కొట్టి తుడిచి డాష్‌బోర్డుకు పాలిష్ పూసి ఇచ్చేస్తారు, ఫోటో కూడా బాగా వస్తుంది. నేను రాసేది కారు కింద గురించి. కింద సరిగ్గా కడిగే మనిషి కోసం మూడేళ్లు తిరిగినా, పోయిన నవంబర్‌లో దొరికినాడు, ఇప్పటికి ఐదు సార్లు పోయినా, ఐదు సార్లూ ఒకే తీరుగా కడిగినాడు కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

షాపు బైపాస్ పక్కనే, రాజంపేట రోడ్డు వైపు. బోర్డు మీద పేరేం లేదు, కార్ వాటర్ సర్వీస్ అని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది అంతే. ముందర వేపచెట్టు, నేలంతా కడప బండలు పరిచినారు, రెండు ర్యాంపులు, అందులో ఒకటి హైడ్రాలిక్, కారును మనిషి తల పైకి లేపుతుంది. ఓనరన్నకు యాభై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లోళ్లు పనిలో ఉంటారు.

నాకు నమ్మకం కుదిరింది మొదటి రోజే. నా కారు 2016 మోడల్, చెన్నైలో సెకండ్ హ్యాండ్ కొన్నాను. ర్యాంప్ మీద లేపి నీళ్లు కొట్టినాక ఆ చిన్న పిల్లోడు కారు కిందికి పోయి డోరు కింద పట్టీని, అదే టింకరింగ్ వాళ్లు రన్నింగ్ బోర్డ్ అంటారే, దాన్ని వేళ్లతో తడుముతున్నాడు. ఏం వెతుకుతున్నాడో నాకు అర్థం కాలే. తర్వాత గోడ పక్కన ఉన్న చీపురులోంచి ఒక కొబ్బరి పుల్ల పీకి, "అన్నా, బొక్కలు మూసుకపోయినాయి, నీళ్లు లోపలే నిలబడుండాయి" అని చెప్పి ఆ పట్టీ అడుగున ఉన్న సన్న బొక్కలో పుల్ల పెట్టి తిప్పినాడు. ఒక నిమిషం ఏం రాలే. తర్వాత చిన్న మట్టి ముద్ద ఊడి పడింది, దాని వెనకాలే టీ డికాషన్ రంగులో నీళ్లు సన్న ధారగా కారడం మొదలైంది, దగ్గర దగ్గర ఒక చెంబుడు వచ్చింది. నా కారు లోపల ఎన్ని నెలల నుంచి ఆ నీళ్లు అట్లే ఉన్నాయో. ఇనుప కమ్మీ ఎందుకు పెట్టలేదు అని అడిగితే, "కమ్మీ పెడితే లోపల పెయింట్ గీసుకపోతాదన్నా, మళ్లా ఆడ్నే తుప్పు పడ్తాది" అన్నాడు. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు ఆ పిల్లోనికి. నాలుగు డోర్ల కిందా ఉన్న బొక్కలన్నీ అట్లే తీసినాడు, ఎవరూ చెప్పలే, ఎక్స్‌ట్రా డబ్బులూ అడగలే.

ఇంత చిన్న విషయానికి ఇంత మురిసిపోవడం ఏంది అనుకోవచ్చు. నాకు తుప్పు అంటే ఉత్త మాట కాదు, ఒకసారి అది నా బ్రేకులే తీసేసింది.

2013 నుంచి 2018 దాకా ఉద్యోగం మీద అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఉన్నా. అక్కడ చలికాలం వస్తే రోడ్ల మీద మంచు గడ్డ కట్టకుండా ఉప్పు చల్లుతారు, మన రాళ్లుప్పు లాంటిదే. ఆ ఉప్పు కోసం దూరం పోయే పని కూడా లేదు, డెట్రాయిట్ ఊరి కిందే వెయ్యి అడుగుల పైన లోతులో ఉప్పు గని ఉంది, ఊరి వీధులు పైన, ఉప్పు తవ్వే వీధులు కింద. అమెరికా మొత్తం మీద ఏడాదికి రోడ్ల మీద చల్లే ఉప్పు కోటిన్నర టన్నుల పైమాటే. మంచు పడకముందే ఉప్పునీళ్లు రోడ్డు మీద గీతలు గీతలుగా పోసుకుంటా పోతాయి లారీలు. డిసెంబర్ నుంచి మార్చి దాకా కార్ల రంగు కనపడదు, ఎర్ర కారైనా నల్ల కారైనా అన్నీ బూడిద పూసుకున్నట్టు ఒకే రంగు. బూట్లు తెల్లగా అంచులు కట్టేవి, కారులో కాళ్ల కింద మ్యాట్ మీద ఉప్పు పొర ఎండి పెళుసుగా లేచేది.

2014 జనవరిలో పోలార్ వోర్టెక్స్ అని ఒక చలి వచ్చింది, మైనస్ ఇరవై దాటింది. అప్పుడు మామూలు ఉప్పు కూడా పనిచేయలే, ఎందుకంటే మామూలు ఉప్పు సుమారు మైనస్ తొమ్మిది పది దాకానే మంచును బాగా కరిగిస్తుంది, అంతకంటే చలి పెరిగితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. అవి ఇంకా మొండివి, గాల్లో తేమను లాక్కోని కారుకు అంటుకోని ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఇదంతా నాకు అప్పుడు తెలీదు. చలికి కారు కడిగేది ఏంది, ఎండాకాలం వచ్చినాక కడుగుదాంలే అని రెండు చలికాలాలు అట్లే వదిలేసినా.

2015 మార్చిలో ఒకరోజు పెట్రోల్ బంకు నుంచి బయటికి వస్తూ బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా అడుగు దాకా పోయింది. స్పీడ్ లేదు కాబట్టి హ్యాండ్ బ్రేక్ లాగితే ఆగింది, పక్క సీట్లో మా ఆవిడ, కడుపులో మా పాప. ఇప్పటికీ ఆ మెత్తదనం కాలికి గుర్తుంది. మెకానిక్ కారు లేపి లైటు వేసి చూపించినాడు, బ్రేక్ ఆయిల్ పోయే ఇనుప పైపు వెనక చక్రం దగ్గర పొరలు పొరలుగా లేచి ఉంది, స్క్రూడ్రైవర్ ఆనిస్తే అప్పడం ముక్కల్లాగ రాలింది. కారు పైన మాత్రం ఒక్క మచ్చ లేదు. సరిగ్గా తర్వాతి నెల, ఏప్రిల్‌లో, అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇదే విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. ఉప్పు రోడ్ల మీద తిరిగే పాత కార్లలో, ముఖ్యంగా 2007, అంతకు ముందు మోడళ్లలో, బ్రేక్ పైపులు తుప్పు పడుతున్నాయి, చలికాలమంతా కారు కింద కడుగుతూ ఉండండి, చలి పోయినాక ఒకసారి గట్టిగా కడగండి, పైపులు చెక్ చేయించండి అని. చదివినాక నేను చానాసేపు అట్లే కూర్చున్నా. నాది 2004 మోడల్.

అప్పటి నుంచి తెలుసుకున్నది చెప్తా. ఉప్పు ఇనుమును తినదు. ఇనుమును తినేది నీళ్లూ గాలీ, ఉప్పు వాటికి దారి తీసి ఇస్తుంది అంతే. ఉత్త నీళ్లలో కంటే ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది, తుప్పు పట్టడం కూడా లోపల జరిగే ఒక సన్న కరెంటు పనే కాబట్టి వేగం పెరుగుతుంది, పైగా క్లోరైడ్ లోహం మీద ఉండే కాపుదల పొరను చీల్చుకోని పోతుంది. ఇంకో సంగతి, బాగా గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిగా పడుతుంది, కొంచెం వెచ్చబడి ఉప్పు తడిసినప్పుడే పని మొదలుపెడుతుంది. అందుకే ఉప్పుతో నిండిన కారును తెచ్చి వెచ్చని గ్యారేజీలో పెట్టేవాళ్ల కార్లకు తుప్పు తొందరగా వస్తుంది, వాళ్లేమో కారును బాగా చూసుకుంటున్నాం అనుకుంటారు. అక్కడ ఉన్న మన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎండ వచ్చి ఉష్ణోగ్రత సున్నా పైకి నాలుగైదు డిగ్రీలు వచ్చిన రోజు మధ్యాహ్నం పూట కడిగించండి, అండర్ క్యారేజ్, అంటే కారు కింద కూడా కడిగే ఆప్షన్ ఉన్న వాష్‌కే పోండి, కడిగినాక డోర్ల రబ్బర్లు పొడిగుడ్డతో తుడవండి, లేకుంటే రాత్రికి డోరు గడ్డకట్టి తెరుచుకోదు. చలి పోయేదాకా పది పన్నెండు రోజులకు ఒకసారి పోతే చాలు.

ఇక కడపకు వద్దాం. మనకు మంచు లేదు ఉప్పు లేదు, నీకు ఆ పిచ్చి ఇంకా పోలేదా అంటాడు మా మామ. కానీ మా అత్తగారి ఊరు మైపాడు పక్కన, నెల్లూరు జిల్లా. నెలకోసారి బద్వేలు మీదుగా పోయి వస్తాం. అక్కడ సముద్రపు గాలి ఒకటి, బీచ్ దాకా కారు తీసుకపోతే ఇసుక ఒకటి, అన్నిటికన్నా మించి రొయ్యలు, చేపలు తీసుకపోయే బండ్ల నుంచి ఐసు కరిగి రోడ్డంతా కారుకుంటా పోతుంది, వెనక పోయే మన కారు చక్రాలు ఆ నీళ్లను ఎగజిమ్మి కిందంతా పూస్తాయి. ఒకసారి ఇంటికి వచ్చి మడ్‌గార్డ్ లోపల వేలితో గీసి నాలిక మీద పెట్టి చూసినా, ఉప్పే. డెట్రాయిట్‌లో లారీ చల్లినా మైపాడులో లారీ కార్చినా ఇనుముకు తేడా తెలీదు.

మైపాడు పోని వాళ్లకూ ఇది ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, ప్రొద్దుటూరు జమ్మలమడుగు వైపు పోయి వస్తే రేగడి మట్టి మడ్‌గార్డ్ లోపల గోడకు పిడక కొట్టినట్టు అతుక్కుంటుంది. పైన ఎండిపోతుంది, లోపల వారం దాకా తడి ఉంటుంది, ఆ తడి రేకును పట్టుకోనే ఉంటుంది. మన చలికాలంలో పొద్దున పూట పొగమంచు కూడా కురుస్తుంది కాబట్టి అది సరిగ్గా ఎండదు. వానాకాలం అయిపోయినాక ఒకసారి కిందంతా కడిగించడం ఎందుకు ముఖ్యమో చూసినోళ్లకు అర్థమవుతుంది.

సరే ఈ షాపులో ఎట్ల కడుగుతారో చెప్తా. పోయిన వెంటనే నీళ్లు కొట్టరు. ఎండలో ఊరు మీద తిరిగి పోయినా సరే, బైపాస్ మీద వేగంగా పోయినా సరే, "సైలెన్సరు, బ్రేక్ ప్లేట్లు సల్లబడాల సార్, కొంచేపు కూసోండి" అంటాడు ఓనరన్న. కాలే డిస్క్ మీద చల్లనీళ్లు కొడితే వంకర పోవచ్చు, అప్పుడు బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుంది, ఈ సంగతి చానామంది వాటర్ సర్వీస్ వాళ్లకు పట్టదు. తర్వాత కారు లేపి ముందు ఉత్త నీళ్లు, సబ్బు లేకుండా, ముందు బంపర్ కింద మొదలుపెట్టి వెనకదాకా. మడ్‌గార్డ్‌ల లోపల గన్ను పైకి తిప్పి కొడతారు, రేకు మడత పెట్టిన అంచు మీద మట్టి కూర్చుంటుంది, అక్కడ నిలబడి కొడతారు. ఐదు పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ ఒక చుట్టు. వైర్ల కనెక్టర్ల దగ్గర, బేరింగ్ సీళ్ల దగ్గర గన్ను దూరం పెడతారు. ఆ తర్వాతే షాంపూ.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మన బోరు నీళ్లు గట్టివి, కారు మీద ఎండితే తెల్ల మచ్చలు పడతాయి, కొన్ని చోట్లయితే నోట్లో పోసుకుంటే ఉప్పగానే ఉంటాయి, ఉప్పు కడగడానికి ఉప్పునీళ్లు కొడితే ఏం లాభం. ఇక్కడ మూడు సిమెంట్ తొట్లు ఉన్నాయి, మొదటి రెండింట్లో బోరు నీళ్లు, మూడో దాంట్లో ట్యాంకర్‌తో తెప్పించిన మంచినీళ్లు. చివరి చుట్టు కిందా పైనా మూడో తొట్టి నీళ్లతోనే. ఇది ఆయన బోర్డు మీద రాసుకోలేదు, నేను ఊరికే తొట్లు ఎందుకు మూడున్నాయి అని అడిగితే చెప్పినాడు. ఆఖర్న బ్లోయర్‌తో కింద గాలి కొట్టి, పావుగంట ర్యాంప్ మీదే వదిలి దించుతారు. కడిగిన కారును తడిగా ఇంటికి తీసుకపోయి కవర్ కప్పేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

నాకు ఇంకా నచ్చింది ఆయిల్ విషయంలో. ఇంతకుముందు వేరే చోట, పేరు వద్దు, కడిగినాక అడగకుండానే కారు కింద కాలిన ఇంజిన్ ఆయిల్ కొట్టేసి నూట యాభై తీసుకున్నారు, తుప్పు రాదు సార్ అన్నారు. ఆ నల్ల ఆయిల్‌కు ఎర్రగుంట్ల రోడ్డు సిమెంట్ దుమ్ము పట్టి కిందంతా తారు పూసినట్టయింది, రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడి ఆర్నెల్లకు రెండు మార్చాల్సి వచ్చింది. ఇక్కడ నేనే పరీక్ష కోసం ఆయిల్ కొడతావా అన్నా అని అడిగినా. "వద్దు సార్, బుష్షులు చెడిపోతాయి, కావాలంటే అండర్ కోటింగ్ యాడన్నా చేయించుకోండి, అది నా పని కాదు" అన్నాడు. వచ్చే డబ్బులు వద్దనుకునే వ్యాపారం ఈ కాలంలో తక్కువ.

అదే రోజు ఇంకో మేలు చేసినాడు. వెనక జాకీ పెట్టే చోటు దగ్గర నల్ల పెయింట్ కింద చిన్న పొక్కు కనపడింది ఆయనకు, బొటనవేలితో నొక్కి చూసి నన్ను పిలిచినాడు. గోరు పెట్టి గీకితే పెయింట్ తొక్కలాగ లేచింది, కింద ఎర్రటి పొడి. చెన్నైలో నాకు కారు అమ్మినోళ్లు తుప్పు మీద అట్లే కొత్త నల్ల కోటింగ్ కొట్టి కొత్తదానిలా చూపించినారు. కోటింగ్ అంటే కాపాడేది అనుకుంటాం, కానీ తుప్పు గీకకుండా పైన కోటింగ్ వేస్తే అది తుప్పునే కాపాడుతుంది, లోపల తడిని మూసి పెడుతుంది. టింకరింగ్ షాపుకు పోయి వైర్ బ్రష్‌తో తెల్ల రేకు వచ్చేదాకా గీకించి, ప్రైమర్ కొట్టించి, ఎండినాక కోటింగ్ వేయించినా, పదహారు వందలయింది. ఇంకో ఏడాది ఆగి ఉంటే రేకు కోసి అతుకు వేయాల్సి వచ్చేదని టింకరింగ్ ఆయన అన్నాడు. సెకండ్ హ్యాండ్ కారు సముద్రం పక్క ఊరి నుంచి తెచ్చుకునేవాళ్లు కింద అంతా కొత్తగా నల్లగా మెరుస్తుంటే సంతోషపడొద్దు, అక్కడే గీకి చూడండి.

రేట్లు: నా చిన్న కారుకు పైన మాత్రం అయితే 350, ర్యాంప్ మీద లేపి కిందా పైనా అయితే 600. పెద్ద బండ్లకు 800 అని చెప్పినాడు. ఎండాకాలం ట్యాంకర్ రేటు పెరిగితే ఒక వంద ఎక్కువ. ఫోన్‌పే తీసుకుంటాడు.

బాగాలేనివి కూడా రాయాలి కదా. ఆదివారం పోతే మూడు గంటలు పడుతుంది, ర్యాంప్ లిఫ్ట్ ఒక్కటే కాబట్టి ముందర నాలుగు కార్లుంటే అంతే సంగతి. కూర్చోడానికి వేపచెట్టు కింద ఒక బెంచీ తప్ప ఏం లేదు, మా ఆవిడా పాపా వస్తే ఇబ్బంది పడినారు, టాయిలెట్ లేదు. వాక్యూమ్ బలం లేదు, సీట్ల కింద ఇసుక అట్లే ఉంటుంది, లోపల శుభ్రం కోసమైతే ఇక్కడికి రావొద్దు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది నీళ్లు, కడిగిన నీళ్లన్నీ రోడ్డు పక్క కాలవలోకి పోతున్నాయి. మన జిల్లాలో నీళ్ల విలువ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఒక గుంత తవ్వి మట్టి అడుగున తేరనిస్తే మొదటి చుట్టుకు ఆ నీళ్లే వాడుకోవచ్చు అన్నా, చూస్తా సార్ అన్నాడు, పోయిన నెల పోయినప్పుడు వెనకవైపు గుంతకు సున్నం గీత గీసి ఉంది. తవ్వుతాడనే నా నమ్మకం.

పోయేవాళ్లు మామూలు రోజు పొద్దున ఎనిమిదికే పోండి, మధ్యాహ్నం మూడు దాటితే పోవొద్దు, చలికాలం పొద్దు తొందరగా పోతుంది, కింద సరిగ్గా ఎండదు. కారు ర్యాంప్ ఎక్కకముందే "కిందా కడగాల, బొక్కలు కూడా చూడాల" అని చెప్పండి, ఆ పిల్లోడు లేని రోజు ఇంకొకతను బొక్కల సంగతి మర్చిపోతాడు. సంక్రాంతికి మేము మైపాడు పోతున్నాం, కనుమ దాటినాక వస్తాం, వచ్చిన మరుసటి రోజు పొద్దున్నే నా కారు ఆ ర్యాంప్ మీదే ఉంటుంది, గుంత తవ్వినాడో లేదో కూడా అప్పుడే చూసి ఇక్కడ కింద రాస్తా.